ఊహ చీటీ

లోలకం అబద్ధమాడుతోందా, మనుషులు ఆడుతున్నారా అన్న అనుమానం నూకరత్నాన్ని ఇరవై రెండేళ్లుగా పట్టుకుని వదల్లేదు.

ఆమె పెద్ద చదువులు చదవలేదు. పదో తరగతి పాసైంది, అంతే. అనకాపల్లికి ఆరు మైళ్ల దూరంలో ఉన్న ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లాబ్ అటెండరు. పొద్దున్నే తాళం తీసి, బల్లలు తుడిచి, తలుపు పక్క మేకుకున్న నూకాలమ్మ పటానికి ఒక మందారం పెట్టి, ఆ తర్వాతే బీరువా తెరిచేది. విజయదశమి నాడు వెర్నియర్ కాలిపర్సు మొదలుకుని బ్యాటరీల దాకా అన్నిటికీ పసుపూ కుంకుమా పెట్టేది. వస్తువుని గౌరవిస్తే వస్తువు నిజం చెబుతుందని ఆమె నమ్మకం.

అందుకే ఆ అనుమానం. దారానికి కట్టిన ఇనుప గుండు ఊగుతుంది. పిల్లలు స్టాప్‌వాచీలు పట్టుకుని ఊపులు లెక్కపెడతారు. గురుత్వాకర్షణ విలువ కడితే ఒకడికి తొమ్మిది వందల నలభై వస్తుంది, ఇంకొకతెకి వెయ్యిన్నీ పదిహేను వస్తుంది. రికార్డులో మాత్రం అందరిదీ తొమ్మిది వందల ఎనభై. ఆ ఎనభై ఎక్కడిదంటే, నూకరత్నం ఇచ్చినదే. మునుపటి అటెండరు సన్యాసయ్య రిటైరయ్యే రోజున ఆమె చేతిలో ఒక పొడుగాటి నోటుబుక్కు పెట్టి, "ఇది పోగొట్టకమ్మా, పిల్లల ప్రాణాలు ఇందులోనే ఉన్నాయి" అన్నాడు. ప్రతి ప్రయోగానికీ రావలసిన రీడింగులన్నీ అందులో ఉన్నాయి. ప్రాక్టికల్ పరీక్ష నాడు బయటి కాలేజీ ఎగ్జామినరు టీ తాగే వేళకి, అటెండరు బల్లల మధ్య మెల్లగా నడుస్తూ ఆ అంకెలు చెప్పాలి. అది ఆ కాలేజీ ఆచారం. ఎవరూ తప్పనుకోలేదు. నూకరత్నం కూడా ప్రసాదం పంచినట్టే పంచింది.

కానీ ఇంటికొచ్చాక కూర తరుగుతూ అడిగేది మొగుణ్ణి. "గుండు ఊగితే ఒహటొస్తాది, మనం రాసేది ఇంకొకటి. మరి గుండుని ఊపడం ఎందుకు మావా?"

ఆమె మొగుడు దేముడు బెల్లం వండే మనిషి. ఊళ్లో గానుగ దగ్గర పెనం పెట్టించి, నాలుగిళ్ల చెరుకు తనే వండుతాడు. "గుడికెళ్లి గంట కొడతావు. అమ్మోరికి నువ్వొచ్చినట్టు తెలీకా? కొట్టాలి గాబట్టి కొడతావు. ఇదీ అంతే" అనేవాడు.

ఆ జవాబుతో ఆమెకి తృప్తి కలగలేదు. గంట కొట్టి, కొట్టలేదని ఎవరూ రాయరు కదా అనుకునేది.

త్రివేణి మేడం వచ్చాక ఆ అనుమానానికి కాస్త గాలి తగిలింది. ముప్పై ఏళ్లు నిండని మనిషి. చేరిన ఏడాదే ఎక్కడెక్కడో తిరిగి పన్నెండు కంప్యూటర్లు, కదలికను కనిపెట్టే సెన్సార్లు తెప్పించి, పక్క గదిలో కొత్త లాబ్ పెట్టింది. సెన్సారు ముందు పిల్ల నడిస్తే తెర మీద గీత నడుస్తుంది. పిల్ల ఆగితే గీత పడుకుంటుంది. వెనక్కి వస్తే గీత కిందికి దిగుతుంది. మొదటి వారం లాబంతా తిరణాలే.

ఆ లాబ్‌కి ఒకటే నియమం. ఏ ప్రయోగమైనా చేసేముందు ఏం జరుగుతుందో ఒక చీటీ మీద రాయాలి. ఊహ చీటీ అని పేరు. రాసింది చెరపకూడదు. గుమ్మం దగ్గర వెదురు బుట్ట పట్టుకుని రబ్బర్లు వసూలు చేయడం నూకరత్నం పని.

"తప్పు రాస్తే మార్కులు పోవు," అనేది త్రివేణి. "రాయకపోతే పోతాయి."

నూకరత్నం కూతురు భానురేఖ ఆ కాలేజీలోనే ఇంటర్ చదువుతోంది. ఊహలకి ఆ పిల్ల పెట్టింది పేరు. వాన ఎప్పుడొస్తుందో, పొరుగింటి ఆవు ఏ దూడని వేస్తుందో, బస్సు ఎన్ని నిమిషాలు లేటో అన్నీ ముందే చెప్పేస్తుంది. సగం తప్పు. ఐనా సిగ్గుపడదు.

ఒకరోజు బంతిని పైకి విసిరే ప్రయోగం. విసిరి వదిలాక బంతి మీద ఉండే బలం ఎటువైపు? భాను చీటీ మీద పెద్దక్షరాలతో రాసింది: పైకి. చేతి బలం అయిపోయే దాకా పైకి, ఆ తర్వాత కిందికి.

బంతి ఎగిరింది. తెర మీద వేగం గీత ఒకే వాలుగా, తాడు లాగి కట్టినట్టు, పై కొస నుంచి కింది కొసకి దిగింది. బంతి పైన ఆగినచోట కూడా గీత వంగలేదు. అంటే మొదటి నుంచీ చివరి దాకా లాగింది భూమి ఒక్కటే.

"సెన్సారు పాడైపోయింది మేడం!" అంది భాను.

"ఐతే ఇంకోసారి విసురు."

పద్దెనిమిది సార్లు విసిరింది. పెద్ద బంతి, చిన్న బంతి, చివరికి తన చెప్పు కూడా విసిరింది. గీత మారలేదు. అప్పుడు నేల మీద చతికిలబడి, "మరి నా చేతిలో బలం ఏటైపోయింది?" అంది ఏడుపు మొహంతో. త్రివేణి ఆ పక్కనే నేల మీద కూర్చుని, "అదీ ప్రశ్న!" అంది. ఇద్దరూ గంటసేపు వాదించుకున్నారు. బుట్ట పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ నూకరత్నానికి కళ్లు చెమర్చాయి. ఇక్కడ వచ్చిన అంకే రాస్తున్నారు. అమ్మవారు మెచ్చే లాబ్ ఇదేననుకుంది.

కానీ మూడు నెలల పరీక్షలో అదే ప్రశ్న ఇస్తే, సగం మంది పిల్లలు మళ్లీ 'పైకి' అనే రాశారు. కంటితో చూసీ, వాదించీ, ఒప్పుకునీ, మళ్లీ పాతదే. ఆ సాయంత్రం పేపర్లు ముందేసుకుని త్రివేణి ఏడవడం నూకరత్నం చూసింది.

"తప్పు ఊహ గడ్డి లాంటిదండీ నూకరత్నం గారూ. పైన కోస్తే లాభం లేదు. వేరు పీకాలి," అంది కళ్లు తుడుచుకుంటూ.

వేరు పీకే వస్తువు ఏడాదికి తయారైంది. త్రివేణీ, విశాఖలో మెదడు మీద పరిశోధన చేసే ఆమె స్నేహితులూ కలిసి చేశారు. చూడ్డానికి అరచేయంత వెడల్పున్న నీలం రంగు తలపట్టీ. పేరు 'తేట'.

మొదట పెట్టుకున్నది భానే. త్రివేణి ఒక రూపాయి బిళ్ళ పైకి విసిరి, "ఇప్పుడు దీని మీద బలం ఎటు?" అంది. భాను పెదవులు 'పై' అనబోయి ఆగాయి. పట్టీ మీద చిన్న దీపం పచ్చగా ఒక్కసారి వెలిగింది. "కిందికే మేడం," అంది భాను నెమ్మదిగా. "మొదటి నుంచీ."

తప్పు ఆలోచన పుట్టే ముందు మెదడులో ఒక చిన్న అల లేస్తుందట. పట్టీ దాన్ని పసిగట్టి, తన అలతో జోకొట్టేస్తుందట. సరైన ఆలోచనకి దారి ఖాళీ అవుతుందట. గంటేసి చొప్పున నలభై సార్లు పెట్టుకుంటే ఇక పట్టీ అక్కర్లేదు. అలవాటు లోపల స్థిరపడిపోతుంది.

ఊహ చీటీలు ఆగిపోయాయి. నూకరత్నం బుట్ట బీరువా మీదికి ఎక్కింది. పిల్లలకి నూటికి తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది రాసాగాయి. కాలేజీ పేరు పేపర్లో పడింది. నలభై పూర్తి చేసిన పిల్లలకి ఇంజనీరింగ్‌లో ఫీజు లేని సీటు ఇప్పిస్తామని మాటా వచ్చింది. నూకరత్నం అమ్మవారికి రెండు మందారాలు పెట్టడం మొదలెట్టింది.

మాఘమాసం వచ్చింది. గానుగలు తిరుగుతున్నాయి. ఊరంతా చెరుకు రసం వాసన.

బెల్లం వంటలో కీలకం ఒక్క క్షణంలో ఉంటుంది. పాకం ముదిరిన క్షణానికి పెనం దించాలి. ముందు దించితే బెల్లం గడ్డకట్టదు, ఒక్క నిమిషం ఆలస్యమైతే నల్లబడిపోతుంది. థర్మామీటరుతో తేలేది కాదు. చెరుకుని బట్టి, పొయ్యిలో పిప్పిని బట్టి, గాలిలో తేమని బట్టి మారుతుంది. దేముడికి ఆ క్షణం తెలుసు. అతనికంటే భానుకి బాగా తెలుసు. తొమ్మిదో ఏట నుంచీ పొయ్యి పక్కన కూర్చుని, నురగ చూసి, వాసన చూసి, "ఇప్పుడు!" అనేది. మొదట్లో తప్పేది. తప్పిన ప్రతిసారీ దేముడు నవ్వి, "ఈ దిమ్మ మనం తినేద్దారి" అనేవాడు. పన్నెండేళ్లు వచ్చేసరికి తప్పడం మానేసింది.

ఆ ఆదివారం పెనం ఉడుకుతోంది. తెడ్డు తిప్పుతున్న దేముడు చెమట తుడుచుకుంటూ అడిగాడు. "దించమంటావేటే?"

భాను పెనం వంక చూస్తూ నిలబడింది.

"ఒలే, నిన్నే! నురగ పలచబడతంది, సూడు."

"ఎన్ని డిగ్రీలప్పుడు దించాలి నాన్నా?"

"డిగ్రీలేటే? నీకు తెల్దా?"

"తెలీదు. నువ్వు చెప్పు, గుర్తు పెట్టుకుంటాను."

దేముడు ఆటపట్టిస్తోందనుకున్నాడు. "అయితే ఏదో ఒకటి అను. తప్పయితే తిందారి."

భాను నోరు తెరిచింది. ఆమె కనుబొమల మధ్య ఏదో మెదిలి, వెంటనే సర్దుకుపోయింది. పట్టీ లేదు, దీపం లేదు. ఐనా సర్దుకుపోయింది. "సరైనదేదో చెబితే అంటాను," అంది మృదువుగా. ఈలోగా పాకం నల్లబడింది. నాలుగిళ్ల చెరుకు అది. మాడు వాసన వీధి చివరి దాకా పోయింది.

"మాడిపోనాది," అన్నాడు దేముడు తెడ్డు వదిలేసి. అతను చూస్తున్నది పెనం వైపు కాదు.

ఆ వారమంతా నూకరత్నం కూతుర్ని గమనించింది. పప్పులో ఎంత ఉప్పు వెయ్యాలో తెలియక గరిట పట్టుకుని నిలబడుతోంది. రోడ్డు దాటడానికి లారీ పూర్తిగా వెళ్లిపోయే దాకా ఆగుతోంది, అటు అరమైలు దూరంలో ఇంకోటి వస్తున్నా ఆగుతోంది. ఎదురింటి అత్త "వానొస్తాదంటావా బానూ?" అని అలవాటుగా అడిగితే, "వాతావరణ కేంద్రం ఇంకా చెప్పలేదత్తా" అంది. వాదన లేదు, కోపం లేదు. అడిగితే చెబుతుంది, చెబితే వింటుంది. ఇంట్లో ఒక మంచి చుట్టం ఉన్నట్టుంది.

ముప్పై తొమ్మిది సార్లు పూర్తయ్యాయి. నలభయ్యోది సోమవారం. ఆ రోజు పెద్దాఫీసరు చూడ్డానికి వస్తున్నాడు. ఆయన సరేనంటే వచ్చే ఏడు మూడు జిల్లాల్లో పిల్లలందరికీ తేట కట్టాలి.

శుక్రవారం మధ్యాహ్నం నూకరత్నం త్రివేణి గదిలోకి వెళ్లింది.

"మేడం, మా గుంట ఊహించడం మానీసిందండి."

"తప్పుగా ఊహించడం మానేసిందండీ. రెండూ ఒకటి కాదు."

"మా ఇంట్లో రెండూ ఒకటే అయిపోనాయండి. పాకం ఎప్పుడు దించాలో సెప్పలేకపోతంది. పట్టీ లేకపోయినా అంతే."

త్రివేణి కలం పక్కన పెట్టింది. ఆమె ముఖంలో నిద్రలేమి కనిపిస్తోంది. "పాకం రేపు మిషను చూస్తుందండీ. మీ అమ్మాయి ఇంజనీరవుతుంది. మూడేళ్లు ఈ పిల్లల తప్పులు వింటూ కూర్చున్నాను. పట్నం పిల్లలకి తప్పు దిద్దుకోవడానికి కోచింగులున్నాయి, టైముంది. మన వాళ్లకి ఉన్నది ఒక్క అవకాశం. ఆ ఒక్కదాంట్లో తప్పితే గానుగ దగ్గరికే. అది మీకు ఇష్టమా?"

ఆ మాటలో నిజముంది. నూకరత్నం పైట కొంగు వేలికి చుట్టుకుంటూ తనకి తోచిన ప్రశ్న అడిగింది.

"మరి సరైందేదో పట్టీకి ఎవరు సెప్పేరండి?"

"సిద్ధాంతాలకి పుస్తకాలు. ఇక్కడి ప్రయోగాలకి మన బీరువాలో ఉన్న రికార్డులు. పదిహేనేళ్లవి స్కాన్ చేయించాం. మీరే కదా దులిపి ఇచ్చారు!"

నూకరత్నం వేలికి చుట్టిన కొంగు వదిలేసింది.

"లోలకమూ? కటకమూ?"

"అన్నీ. సోమవారం ఆఫీసరుగారి ముందు చేయించబోయేది కటకమే కదా."

తొమ్మిదేళ్ల కిందట విజయదశమి ముందు రోజు. కుంభాకార కటకానికి బొట్టు పెడుతుంటే తడి చేతిలోంచి జారి పగిలిపోయింది. అపచారమని భయపడి ఎవరికీ చెప్పకుండా, విశాఖ వెళ్లి అలాంటిదే కొనుక్కొచ్చి పెట్టింది. అలాంటిదే గానీ అది కాదు. పాతదాని నాభ్యంతరం ఇరవై సెంటీమీటర్లు, కొత్తదానిది పదిహేను. నోటుబుక్కులో మాత్రం ఇరవై అలాగే ఉంది. ఆమె అదే చెబుతూ వచ్చింది. తొమ్మిదేళ్లుగా పిల్లలు అదే రాస్తూ వచ్చారు. త్రివేణి ధ్యాసంతా సెన్సార్ల మీద. పాత గది నూకరత్నం రాజ్యం.

క్లాసులయ్యాక భానుని పాత గదికి పిలిచింది. కొవ్వొత్తి వెలిగించి కటకానికి నలభై సెంటీమీటర్ల ముందు పెట్టింది. "అవతల తెర జరుపు. మంట బొమ్మ ఎక్కడ స్పష్టంగా పడితే అక్కడ ఆపు."

భాను తెర జరిపింది. ఇరవై నాలుగు దగ్గర తలకిందులుగా చిన్న మంట సూదిమొనలా నిలిచింది. నూకరత్నానికి స్పష్టంగా కనిపించింది. భాను చెయ్యి అక్కడ రెప్పపాటు ఆగి, ముందుకు సాగింది. నలభై దగ్గర ఆగింది. అక్కడ తెర మీద పసుపు మరక తప్ప ఏమీ లేదు.

"ఇక్కడమ్మా. నలభై. నాభ్యంతరం ఇరవై."

"నీకక్కడ మంట కనబడతందా?"

"స్పష్టంగా ఉంది."

"ఒలే, నా మొహం సూసి సెప్పు. నిజంగా కనబడతందా?"

భాను తల్లి మొహం వంక చూసింది. "కనబడాలి కదమ్మా," అంది.

ఇంటికొచ్చి నూకరత్నం పొయ్యి ముట్టించలేదు. గడప మీద కూర్చుని మొగుడికంతా చెప్పింది. పగిలిన కటకం సంగతి మొదలుకుని.

"సెప్తే ఉజ్జోగం పోతాది," అన్నాడు దేముడు. "ఈ ఏడు పర్మినెంటు సేస్తారన్నావు గదా."

"పోతాది."

"గుంటకి సీటూ పోతాది."

"అదీ పోతాది. సెప్పకపోతే గుంటే పోతాది మావా."

దేముడు బీడీ ఆర్పి చెవిలో పెట్టుకున్నాడు. "ఇరవై రెండేళ్లు అడిగినోళ్లకి అంకెలు సెప్పేవు. ఒక్కనాడు అడగనోళ్లకి నిజం సెప్పీ. పోయిందేటి? గానుగ దగ్గర పిప్పి ఎగదోయడానికి నాకూ ఒక మనిషి కావాలి. జీతం మాత్రం ఇవ్వలేను."

"నీ బెల్లం నువ్వే తిను!" అంది నూకరత్నం. ఆ వారంలో ఆమె నవ్వడం అదే.

సోమవారం పొద్దున్న త్రివేణికి ముందే చెబుదామని వెళ్లింది. ఆమె కార్ల దగ్గర ఆఫీసరుగారికి ఎదురెళ్లింది. "తర్వాతండీ నూకరత్నం గారూ, తర్వాత" అంటూ దాటిపోయింది.

పాత లాబ్‌లో ఇరవై ఎనిమిది మంది పిల్లలు, నీలం పట్టీలతో. ఆఫీసరు బరువైన మనిషి, మర్యాదస్తుడు. ఒక్కొక్కరే వచ్చి తెర జరుపుతున్నారు. నలభై. నలభై. నలభై. ఐదుగురికి ఒకే రీడింగు వచ్చేసరికి ఆయన తలూపి, "అద్భుతం! మా రోజుల్లో ఇంత కచ్చితంగా రావడమా?" అన్నాడు.

"రాలేదండి బాబూ. ఇప్పుడూ రాలేదండి."

అందరూ తిరిగి చూశారు. నూకరత్నం గుమ్మం దగ్గర్నుంచి బల్ల దాకా నడిచి వచ్చింది.

"తమరు తెర దగ్గరికొచ్చి సూడండి. అంకె సూడకండి, మంట సూడండి."

ప్రిన్సిపాలు, "ఏవమ్మా, నీకేం పని? బయటికి నడు!" అన్నాడు. ఆఫీసరు చెయ్యెత్తి ఆపి, కళ్లజోడు సర్దుకుని వంగాడు. చాలాసేపు చూశాడు.

"మసగ్గా ఉందే!"

నూకరత్నం తెరని ఇరవై నాలుగుకి జరిపింది. చిన్న మంట నిలబడింది. "ఇక్కడ?"

"ఇక్కడ బాగుంది."

"పిల్లల్ని అడగండి."

ఆయన అడిగాడు. ఇరవై ఎనిమిది మందీ, ఒక్క గొంతుతో, నలభై దగ్గరే స్పష్టంగా ఉందన్నారు. త్రివేణి మొహం పాలిపోయింది. ఆమె గబగబా వచ్చి తెర ముందు వంగింది. ఇటు జరిపింది, అటు జరిపింది. చెయ్యి ఆగిపోయింది.

"ఆ నలభై నాది," అంది నూకరత్నం. "తొమ్మిదేళ్ల కిందట కటకం నా సేతిలో పగిలిపోనాది. వేరేది తెచ్చి పెట్టి దాచేను. పాత అంకెలే పిల్లలకి సెప్పేను. లోలకం, కటకం, స్ప్రింగు, అన్నిటికీ నానే సెప్పేను. ఆళ్లు రాసేరు. ఆ రాతలే ఈ పట్టీకి వేదం అయినాయి. నా తప్పుకి శిక్ష నాకెయ్యండి. ఈళ్ల కళ్లు మాత్రం ఈళ్లకి ఇచ్చీయండి."

విశాఖ నుంచి వచ్చిన త్రివేణి స్నేహితుడొకతను ముందుకొచ్చాడు. "ఇది చిన్న డేటా పొరపాటు సార్. పదిహేనని దిద్దితే సాయంత్రానికల్లా సరైపోతుంది."

"రేపు ఇంకో కటకం పగిలితే బాబూ?" అంది నూకరత్నం. "ఆ పగిలిన సంగతి మీకు తెలిసేదాకా ఇరవై ఎనిమిది జతల కళ్లు గుడ్డివేనా? ఇంతకుముందు పిల్లలు నా అంకె రాసీవోరు. కానీ రాస్తూ నవ్వీవోరండి. 'ఆంటీ, ఇక్కడ రావట్లేదు, ఐనా రాసేస్తన్నాం' అనీవోరు. అబద్ధం కాగితం మీదుండేది, నిజం ఆళ్ల దగ్గరుండేది. ఇప్పుడు నిజమే లేదు."

"అమ్మా, నువ్వేం మాట్లాడుతున్నావో తెలుసా?" అన్నాడు ప్రిన్సిపాలు. "నీ కాంట్రాక్టు..."

"తెల్సండి. తీసీయండి."

ఆమె మూడో వరసలో ఉన్న భాను దగ్గరికి వెళ్లింది. నలభయ్యో గంట ఇంకా సగమే అయింది. పట్టీ మీద చెయ్యి వేసింది.

"వద్దమ్మా. మేడం తియ్యమనలేదు," అంది భాను.

నూకరత్నం చెయ్యి ఆగింది. ఆ గదిలో ఆమెకి భయం వేసింది ఆ ఒక్క క్షణమే. అప్పుడు వెనకనుంచి త్రివేణి గొంతు వినిపించింది, బొంగురుగా. "తీసెయ్యమని చెబుతున్నాను భానూ. అందరూ తీసెయ్యండి." తనే మొదటి వరస దగ్గరికి వచ్చి, ఒక పిల్ల తల మీంచి పట్టీ విప్పి బల్ల మీద పెట్టింది. ఆ స్నేహితుడు "త్రివేణీ!" అన్నాడు. ఆమె తిరిగి చూడలేదు. రెండో పట్టీ విప్పింది.

తర్వాత జరిగినవన్నీ చక్కగా జరగలేదు. తేటని రద్దు చేయలేదు. పరిశీలన కోసం ఆపామని కాగితం వచ్చింది. త్రివేణిని ఎక్కడికో బదిలీ చేశారు. ఆమె వెళ్తూ వెళ్తూ ప్రతి ఇంటికీ తిరిగి, చేసింది చెప్పుకుని వెళ్లింది. కొందరు తలుపు తీశారు, కొందరు తియ్యలేదు. నూకరత్నం కాంట్రాక్టు మళ్లీ రాయలేదు. పేరు పేపర్లో పడింది, మంచిగా కాదు. ఆమె నోటుబుక్కుని గానుగ పొయ్యిలో వేసి, ఆ పొయ్యి ముందే పిప్పి ఎగదోస్తూ కూర్చుంది. ఎవరైనా జాలిపడబోతే, "పాకం మాడతాది, పక్కకి జరగండి" అనేది.

భాను సంగతే ఎవరికీ తేలలేదు. "ముప్పై తొమ్మిదిన్నర. స్థిరపడిందో లేదో నిజంగా నాకు తెలీదండీ," అంది త్రివేణి వెళ్లేముందు. ప్రాక్టికల్ పరీక్షలో ఆ పిల్ల తెర ముందు గంటసేపు నిలబడి, రెండు అంకెలు రాసి, రెండూ ఉంచేసిందట. మార్కులు తగ్గాయి. ఇంట్లో మాత్రం అదే మృదువైన మౌనం. దేముడు ప్రతి పెనానికీ అడిగేవాడు, "దించమంటావా?" అని. జవాబు వచ్చేది కాదు. ఐనా మానలేదు.

ఉగాది ముందటి కొత్త అమావాస్య వచ్చింది. నూకాలమ్మ జాతర.

భానుకి మూడేళ్లప్పుడు పచ్చకామెర్లు ముదిరి, బతకదన్నారు. అప్పుడు నూకరత్నం అమ్మవారికి మొక్కుకుంది, పిల్ల ఎత్తు బెల్లం తూచి ఇస్తానని. పిల్ల లేచి తిరిగింది. మొక్కు మాత్రం ఈ ఏడు, వచ్చే ఏడు అని వాయిదా పడుతూ వచ్చింది. పాత తప్పులు తవ్వుకోగా తవ్వుకోగా ఈసారి ఆ సంగతే మనసులో ముల్లులా తగిలింది. చేతిలో ఉద్యోగం లేని ఏడాదే తీర్చాలని పట్టుబట్టింది.

గుడి ముందు జనం, డప్పులు, ఎండ. పెద్ద త్రాసులో ఒక పళ్లెం మీద భాను బాసింపట్టు వేసుకుని కూర్చుంది. దేముడు రెండో పళ్లెంలోకి దిమ్మలు ఎక్కిస్తున్నాడు.

"మూడేళ్లప్పుడే తీర్చుంటే ఒక్క దిమ్మతో పోయేదమ్మా," అన్నాడు పూజారి. "అమ్మోరు వడ్డీతో పట్టింది."

"ఈ గుంట తిన్న తిండికి అసలే ఎక్కువ," అన్నాడు దేముడు. ఒకటి. రెండు. పళ్లెం కదల్లేదు.

"నాలుగున్నర."

నూకరత్నం చటుక్కున తలెత్తింది. భాను ఎవరి వంకా చూడటం లేదు. రెండో పళ్లెం వంకే, నుదురు ముడిచి, కళ్లు చికిలించి చూస్తోంది.

"ఏటన్నావే?"

"నాలుగున్నర పడతాయమ్మా. నాలుగు దిమ్మలూ, ఒక సగం."

మూడు ఎక్కింది. భాను పళ్లెం కొంచెం ఊగింది. నాలుగోది పెట్టీపెట్టగానే ఆమె పైకి లేచిపోయింది, కాళ్లు గాలిలో. అవతలి పళ్లెం ఠపీమని నేలకి కొట్టుకుంది.

"తప్పు! నాలుగు కూడా ఎక్కువే!" అన్నాడు పూజారి.

"ఆ నాలుగోది పెద్దది నాన్నా! నువ్వు కావాలనే పెద్దది పెట్టేవు! తియ్యి, చిన్నది పెట్టు, సూద్దాం!" గాలిలో వేలాడుతూనే భాను అరిచింది. మొహం ఎర్రగా కందిపోయింది. "మళ్లీ తూచండి పంతులుగారూ!"

"మొక్కు ఒక్కసారే తూస్తారమ్మా."

"అదెక్కడి రూలు? తప్పు తూస్తే అమ్మోరు ఒప్పుకుంటాదా?"

వెనకున్న జనం నవ్వుతున్నారు. దేముడు దిమ్మ తియ్యడం మరిచిపోయి, ఉత్తరీయంతో మొహం కప్పుకున్నాడు. నూకరత్నం నేల మీదున్న పళ్లెంలోంచి దిమ్మలు ఒక్కొక్కటే ఎత్తి, గుండెకి ఆనించుకుని మోసుకెళ్లి అమ్మవారి గడప ముందు దించింది. నాలుగోది కాస్త పెద్దదే. దాన్నీ పెట్టి, చెంపలు వేసుకుని, పద్నాలుగేళ్ల బాకీ తీర్చుకుంది.